కాలం మారేటప్పుడు గుర్రాన్ని ఆరోగ్యంగా ఎలా ఉంచుకోవాలి

నిన్నటిదాకా ఆబగా తిన్న గుర్రం ఇవాళ దాణా ముందు నిలబడి తల తిప్పుకుందంటే, మీరు ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ పది రోజుల్లో ఏం మారింది? గడ్డి మారిందా, తొట్టిలో నీళ్లు మారాయా, రాత్రిళ్లు చల్లబడ్డాయా, మేసే నేల తడిసిందా? నేను చూసినంతలో గుర్రాల ఇబ్బందులు చాలావరకు ఒక కాలం వెళ్లి ఇంకో కాలం వచ్చే ఆ రెండు మూడు వారాల్లోనే మొదలవుతాయి. నడి ఎండాకాలం వచ్చేసరికి మనమూ జాగ్రత్తలో ఉంటాం, గుర్రమూ అలవాటు పడి ఉంటుంది. ఆ సంధికాలంలో మాత్రం ఇద్దరమూ పాత అలవాట్లలోనే ఉంటాం. అందుకే ఇక్కడ చెప్పే పనులన్నీ కాలం మారాక కాదు, మారడానికి రెండు వారాల ముందే మొదలుపెట్టాలి.

ముందు మీ గుర్రానికి మామూలు ఏమిటో రాసిపెట్టుకోండి

గుర్రం బాగున్నప్పుడు, తొందర లేని ఒక పొద్దున, దాని చేత పని చేయించకముందు ఈ కొలతలు తీయండి. మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూస్తే పెద్ద గుర్రానికి ఒంటి వేడి 37.2 నుంచి 38.3 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఫారన్‌హీట్‌లో చెప్పాలంటే 99 నుంచి 101. నాడి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి. శ్వాస 8 నుంచి 16 సార్లు. డొక్క ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒక శ్వాస.

నాడి చూడటం కష్టమేమీ కాదు. కింది దవడ ఎముక లోపలి అంచు వెంట వేళ్లు జరుపుతూ వెళ్లండి. చెంప కండ దగ్గర పెన్సిల్ మందాన ఒక రక్తనాళం వేళ్ల కింద జారుతూ తగులుతుంది. దాన్ని రెండు వేళ్లతో ఎముకకు మెల్లగా ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. బొటనవేలు వాడకండి, మీ నాడే మీకు తగులుతుంది. మొదటి వారం దొరకదు. రోజూ చూస్తుంటే చీకట్లో కూడా వేలు సరిగ్గా అక్కడికే వెళ్తుంది. చీకట్లోనే దాని అవసరం ఎక్కువ పడుతుంది కూడా.

తర్వాత పై పెదవి ఎత్తి చిగురు చూడండి. లేత గులాబీ రంగులో, తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటికి రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. ఆ తర్వాత పక్కటెముకల మీద అరచేయి ఆనించి జరపండి. ఎముకలు కంటికి కనబడకుండా చేతికి తెలియాలి. తేడా అర్థం కావాలంటే మీ చేతినే వాడుకోండి. పిడికిలి బిగించి కణుపుల మీద వేలు రాస్తే ఎలా ఉంటుందో పక్కటెముకలు అలా తగిలితే గుర్రం చిక్కిపోయింది. వేళ్లు చాపి అరచేతి వెనకవైపు తడిమినట్టు ఉంటే సరిగ్గా ఉంది. బొటనవేలి కింద అరచేతి కండలా మెత్తగా ఉంటే కొవ్వు పట్టింది. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో డాన్ హెన్నెకే 1983లో ఇచ్చిన 1 నుంచి 9 పాయింట్ల పద్ధతిని ఇప్పటికీ అంతటా వాడుతున్నారు. అందులో 5 అంటే ఒంటి తీరు సరిగ్గా ఉన్నట్టు. చలికాలపు బొచ్చు కింద చిక్కిపోయిన గుర్రం కూడా బొద్దుగానే కనిపిస్తుంది కాబట్టి కంటిని నమ్మకండి, చేతిని నమ్మండి.

బరువు తూచే యంత్రం లేకపోతే టేపు చాలు. ముందుకాళ్ల వెనకగా ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు ఎముక నుంచి పిర్ర చివరిదాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, మళ్లీ పొడవుతో హెచ్చించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుట్టుకొలత 180, పొడవు 160 అయితే సుమారు 436 కిలోలు. మేతకైనా, నట్టల మందుకైనా ఈ అంకె కావాలి.

ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాయండి. రోజుకు ఎన్ని బకెట్ల నీళ్లు తాగుతోంది, లద్దె ఎలా ఉంది అన్నవి కూడా. బాగున్న గుర్రం రోజుకు 8 నుంచి 12 సార్లు లద్దె వేస్తుంది. ఉండలు తడిగా ఉండి, నేల మీద పడగానే పగలాలి.

మేత మార్చేటప్పుడు పది రోజులు ఓపిక పట్టండి

మిగతాదంతా మరిచిపోయినా ఇదొక్కటి మరవకండి. గుర్రం ఆవులా నెమరు వేయదు. దాని పొట్ట ఒంటితో పోలిస్తే చాలా చిన్నది. తిన్న గడ్డిలో పీచును అరిగించేది వెనక ఉండే పెద్దపేగులోని సూక్ష్మజీవులు. ఏ మేతకు ఆ మేత అరిగించే జీవులు వేరు. ఎండుగడ్డికి అలవాటుపడ్డ పేగులోకి ఒక్కసారిగా పచ్చిగడ్డో ధాన్యమో వచ్చి పడితే కొన్ని జీవులు చచ్చి, కొన్ని విపరీతంగా పెరిగి, ఆమ్లం తయారవుతుంది, గ్యాస్ పడుతుంది. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. పొట్ట పైద్వారం దగ్గరి కండరం అంత బిగువుగా ఉంటుంది. లోపలికి పోయింది వెనక నుంచి రావాల్సిందే.

అందుకని కొత్త మేతను ఇలా కలపండి. మొదటి మూడు రోజులు కొత్తది పావు వంతు, పాతది ముప్పావు. తర్వాతి మూడు రోజులు సగం సగం. ఆ తర్వాత మూడు రోజులు కొత్తది ముప్పావు. పదో రోజున పూర్తిగా కొత్తది. ధాన్యం మార్చేటప్పుడు రెండు వారాలు తీసుకోండి. అదే రకం గడ్డి అయినా కోత వేరైతే ఈ పద్ధతే పాటించండి. ఇలా చేయాలంటే పాత మేత అయిపోకముందే కొత్తది తెచ్చుకోవాలి, అసలు చిక్కంతా అక్కడే.

నాకు అక్కడే దెబ్బ తగిలింది. నా దగ్గరున్న ఒక ఆడగుర్రానికి ఎండుగడ్డి నేను అనుకున్నదానికంటే వారం ముందే అయిపోయింది. కొత్త గడ్డి పచ్చగా, మంచి వాసనతో వచ్చింది. ఇంత మంచి గడ్డికి ఏమవుతుందిలే అని ఆ పూటే కడుపునిండా వేశాను. మర్నాడు సాయంత్రానికి అది ముందుకాలితో నేల గీరుతోంది. నిమిషానికోసారి తల తిప్పి డొక్క వైపు చూసుకుంటోంది. పై పెదవి వెనక్కి మడుస్తోంది. పొద్దుటి నుంచి వేసిన లద్దె రెండే రెండు సార్లు, అదీ మేక పెంటికల్లా చిన్నగా, గట్టిగా, పైన జిగురు పొరతో. ఆ జిగురు పొర ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. డాక్టరు వచ్చి ముక్కు ద్వారా గొట్టం వేసి చూసుకునేసరికి అర్ధరాత్రి దాటింది. తెల్లవారుజామున లద్దె పడ్డాక గాని నాకు ఊపిరి ఆడలేదు. అప్పటి నుంచి కనీసం రెండు వారాల పాత గడ్డి మిగిలి ఉండగానే కొత్తది తెస్తున్నాను.

ఎంత వేయాలి అంటే, రోజుకు ఒంటి బరువులో 1.5 నుంచి 2 శాతం ఎండుగడ్డి. 500 కిలోల గుర్రానికి 7.5 నుంచి 10 కిలోలు. ఒకేసారి కుప్ప పోయకుండా మూడు నాలుగు పూటలుగా వేయండి. గుర్రానికి నమిలేటప్పుడే లాలాజలం ఊరుతుంది, పొట్టలో ఆమ్లం మాత్రం ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. ఖాళీ కడుపుతో గంటలకొద్దీ నిలబెడితే పొట్టలో పుండ్లు పడతాయి.

కోళ్లకో పశువులకో తయారుచేసిన దాణా మిగిలింది కదా అని గుర్రానికి ఎప్పుడూ పెట్టకండి. వాటిలో కొన్నింట్లో కలిపే మోనెన్‌సిన్ అనే మందు కొద్ది మోతాదులోనే గుర్రం గుండెను దెబ్బతీసి చంపుతుంది.

ఎండలు ముదరకముందు

500 కిలోల గుర్రం మామూలు రోజుల్లోనే 25 లీటర్లకు పైగా నీళ్లు తాగుతుంది. ఎండలో పనిచేస్తే అది రెట్టింపు దాటుతుంది. తొట్టి నీడలో ఉండాలి. రెండు రోజులకోసారి ఖాళీ చేసి పాచి రుద్ది కడగాలి. నీళ్లు వేడెక్కినా, పాచి వాసన వచ్చినా గుర్రం మూతి పెట్టి తీసేస్తుంది. మనం మాత్రం తొట్టి నిండుగా ఉందిగా అనుకుంటాం.

గుర్రం చెమటలో ఉప్పు మన చెమటలో కంటే ఎక్కువ. రోజుకు సుమారు 25 నుంచి 30 గ్రాముల ఉప్పు ఊరికే ఉండే గుర్రానికి కూడా కావాలి. చెమట పట్టేలా పనిచేసేదానికి ఇంకా ఎక్కువ. ఉప్పు గడ్డ వేలాడదీస్తే కొన్ని నాకుతాయి, కొన్ని దాని జోలికే పోవు. నేనైతే దాణాలో కలిపేస్తాను. ఎలక్ట్రోలైట్ పొడి నీళ్లలో కలిపితే, పక్కనే ఇంకో బకెట్టులో మంచినీళ్లు కూడా పెట్టాలి. రుచి నచ్చక అసలు తాగడమే మానేసే గుర్రాలు ఉన్నాయి.

పని చేయించాలా వద్దా అన్నదానికి ఒక చిన్న లెక్క ఉంది. ఫారన్‌హీట్‌లో బయటి గాలి వేడిని, గాలిలో తేమ శాతాన్ని కూడండి. మొత్తం 130 లోపు ఉంటే ఫరవాలేదు. 150 దాటితే, అందులో తేమ వంతు సగానికి పైగా ఉంటే, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పని తగ్గించండి. 180 చేరితే జీను ముట్టుకోకండి. కొత్తగా ఎండలు మొదలైనప్పుడు గుర్రం అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి ఆ రోజుల్లో పని పొద్దున్నే ముగించండి.

వడదెబ్బ తగిలిన గుర్రం విశ్రాంతిగా నిలబడ్డా ముక్కుపుటాలు ఎగరేస్తూ రొప్పుతుంది, తూలుతుంది, ఒంటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు వరుసగా చేయాల్సినవి:

1. నీడలోకి, గాలి తగిలే చోటికి తెచ్చి జీను, కళ్లెం తీసేయండి. డాక్టరుకు ఫోన్ చేయమని ఇంకొకరికి చెప్పండి.
2. ఒళ్లంతా చన్నీళ్లు ఆపకుండా పోస్తూనే ఉండండి. వేడిగా ఉన్న ఒంటి మీద చన్నీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయన్న భయం అక్కర్లేదు. ఆ భయంతో ఆలస్యం చేయడమే ప్రమాదం.
3. తడిగుడ్డ కప్పి వదిలేయకండి. అది కాసేపటికే వేడెక్కి, లోపలి వేడిని బయటికి పోనివ్వదు.
4. ఐదు పది నిమిషాలకోసారి థర్మామీటర్ పెట్టి చూడండి. 39 డిగ్రీల దగ్గరికి దిగాక ఆపండి.
5. తాగగలిగితే నీళ్లు కొద్దికొద్దిగా, మళ్లీ మళ్లీ పెట్టండి.

ఇంకో సంగతి. ఉక్కపోత ప్రాంతాల్లో కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది. తోటి గుర్రం తడిసి ముద్దయినప్పుడు ఇది మాత్రం పొడి ఒంటితో ఎగరొప్పుతూ ఉంటే, అది హాయిగా ఉన్నట్టు కాదు. పని వెంటనే ఆపి డాక్టరుకు చూపించండి.

ఎండాకాలం చివర్లో గడ్డి నేలకు అంటుకుపోయినప్పుడు గుర్రం మేతతో పాటు ఇసుక కూడా మింగుతుంది. అది పేగులో పేరుకుంటుంది. చూడాలంటే నేలకు తగలని నాలుగైదు లద్దె ఉండల్ని ఒక పారదర్శకమైన సీసాలో వేసి, నీళ్లు పోసి, బాగా కలిపి పక్కన పెట్టండి. కాసేపటికి పీచు పైకి తేలుతుంది. సీసా అడుగున వేళ్ల మధ్య రాస్తే గరగరలాడే పొర చేరితే, ఇకనుంచి మేత నేల మీద వేయకండి, తొట్టిలోనో చాప మీదో వేయండి. గడ్డి కరువైనప్పుడే మామూలుగా ముట్టని ఆకులు కూడా తింటాయి. గన్నేరు చెట్టు దగ్గరలో ఉంటే కొట్టేయండి, కొట్టిన కొమ్మల్ని అక్కడే వదలకండి. ఎండిన ఆకులో కూడా విషం అలాగే ఉంటుంది.

వానలు పడకముందు, పడుతున్నప్పుడు

ముందు డెక్కల సంగతి. డెక్క నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి. వానాకాలం మొదలయ్యేలోపు ఒకసారి చెక్కిస్తే మంచిది. పగుళ్లున్న డెక్క బురదలో నానితే ఆ పగుళ్ల గుండానే క్రిములు లోపలికి పోయి చీము పడుతుంది.

ప్రతిరోజూ కాలు ఎత్తి, కొక్కెంతో మడమ వైపు నుంచి ముందుకు గీస్తూ మట్టి తీయండి. డెక్క అడుగున మధ్యలో మూడు మూలలుగా, రబ్బరులా ఉండే భాగం ఉంటుంది. దాని రెండు పక్కల కాలువలు, నడుమ చీలిక బాగా చూడండి. కొక్కెం చివర నల్లటి జిగురు, కుళ్లిన వాసన వస్తే డెక్క కుళ్లు మొదలైందన్నమాట. ఆ వాసన ఒకసారి పీలిస్తే మరిచిపోరు. శుభ్రం చేసి, ఆరబెట్టి, డాక్టరు చెప్పిన మందు పెట్టండి. అంతకంటే ముఖ్యం, రోజులో కొన్ని గంటలైనా గుర్రం పొడి నేల మీద నిలబడేలా చూడండి. తడి నేల మీద నిలబడ్డన్నాళ్లు ఏ మందూ పనిచేయదు. గేటు దగ్గర, తొట్టి దగ్గర బురద ఎక్కువవుతుంది. వానలకు ముందే అక్కడ కంకర పోయించండి.

మడమ పైన, డెక్కకూ కీలుకూ మధ్య చర్మం నానితే పొక్కులు కట్టి పగులుతుంది. ఇక్కడ మంచి ఉద్దేశంతోనే చాలామంది పొరపాటు చేస్తారు. బురద అంటిందని రోజూ గట్టిగా రుద్ది కడుగుతారు. దాంతో చర్మం ఇంకా నానుతుంది. బురద ఆరనిచ్చి బ్రష్షుతో దులపండి. కడగక తప్పకపోతే, కడిగిన వెంటనే గుడ్డతో అద్ది పూర్తిగా ఆరబెట్టండి.

వీపు మీద కూడా చూడాలి. రోజుల తరబడి తడిసిన గుర్రం వీపు మీద చేయి వేస్తే చిన్న చిన్న పక్కులు తగులుతాయి. ఒక పక్కును మెల్లగా లాగితే, కొసన వెంట్రుకలు కుచ్చులాగా, రంగులు వేసే కుంచెలా ఊడి వస్తాయి. డెర్మటోఫిలస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు ఇది. ఆ గుర్రానికి వాడిన బ్రష్షు, గుడ్డ, జీను కింది పట్టా ఇంకోదానికి వాడకండి. మనుషులకు కూడా అంటుకోవచ్చు కాబట్టి చేతులు కడుక్కోండి.

వానతోపాటే ఈగలు, దోమలు వస్తాయి. కంటికి సరిగ్గా ఆనని చిన్న దోమలు పొద్దు పొడిచేటప్పుడు, పొద్దు గూకేటప్పుడు కుట్టి, కొన్ని గుర్రాలకు జూలు, తోక మొదలు రక్తం వచ్చేలా గోక్కునే దురద తెస్తాయి. అవి బలంగా ఎగరలేవు. లాయంలో పెద్ద ఫ్యాను పెడితే చాలావరకు తగ్గుతాయి. ఆ రెండు వేళల్లో గుర్రాన్ని లోపల ఉంచండి. జోరీగలు దీనికి వ్యతిరేకం, పట్టపగలు ఎండలో వస్తాయి. సర్రా అనే రక్తపు జబ్బును ఒక జంతువు నుంచి ఇంకోదానికి మోసేది అవే. విడిచి విడిచి జ్వరం రావడం, రోజురోజుకూ చిక్కిపోవడం, కాళ్లూ పొట్ట కిందా వాపు కనిపిస్తే రక్తపరీక్ష చేయించండి. ముందుకాళ్ల వెంట్రుకలకు ఆవగింజ కంటే చిన్నగా పసుపు చుక్కలు అంటుకుని ఉంటే అవి ఒకరకం ఈగ గుడ్లు. గుర్రం నాకితే పొట్టలోకి పోయి పురుగులవుతాయి. చాకు మొండి అంచుతో గీకి తీసేయండి.

నిల్వ గడ్డిని కూడా ఈ రోజుల్లోనే కనిపెట్టి ఉండాలి. మోపు మధ్యలోకి చేయి దూర్చి చూడండి. వెచ్చగా తగిలినా, విప్పగానే పొగలా దుమ్ము లేచినా, ముక్కవాసన వచ్చినా దాన్ని వేయకండి. బూజు గడ్డి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, బూజు పట్టిన మొక్కజొన్న మెదడునే దెబ్బతీస్తుంది. డబ్బు పోయిందని బాధపడినా సరే, పారేయండి.

నట్టల మందు లెక్క ప్రకారం

మూడు నెలలకోసారి అందరికీ ఒకే మందు పోసే పాత పద్ధతి వల్లే మందులకు లొంగని నట్టలు తయారయ్యాయి. ఒక మందలో సుమారు ఐదో వంతు గుర్రాలే నట్టల గుడ్లలో ఎక్కువ భాగాన్ని విడుస్తాయి. ఏవి ఆ గుర్రాలో తెలియాలంటే తాజా లద్దె ఇచ్చి గుడ్లు లెక్కపెట్టించాలి. గ్రాముకు 200 కంటే తక్కువ ఉన్న పెద్ద గుర్రాన్ని చాలాసార్లు వదిలేయవచ్చు. పిల్లల విషయం వేరు, వాటికి డాక్టరు చెప్పినట్టే చేయండి. మందు వేశాక రెండు వారాలకు మళ్లీ పరీక్ష చేయిస్తే అది పనిచేసిందో లేదో తెలిసిపోతుంది. మోతాదు మాత్రం టేపుతో కొలిచిన బరువును బట్టే ఇవ్వండి.

వెచ్చదనం, తేమ రెండూ ఉన్నప్పుడే నట్ట పిల్లలు గడ్డి మీదికి పాకుతాయి. కాబట్టి వానల్లో వారానికి రెండుసార్లు మేసే చోట లద్దె ఎత్తేయండి. ఇది ఏ మందుకూ తీసిపోదు.

టీకాలు కూడా దోమలు రాకముందే వేయించాలి. ధనుర్వాతం గుర్రాలకు చాలా తేలిగ్గా వస్తుంది, వస్తే బతకడం కష్టం. ఆ టీకా, రేబిస్ టీకా తప్పనిసరి. మిగతావి మీ డాక్టరు చెబుతారు.

చలి మొదలయ్యేటప్పుడు

గుర్రం బొచ్చు పెంచేది చలిని చూసి కాదు, పగటి పొద్దు తగ్గడాన్ని బట్టి. పొడిగా ఉన్న బొచ్చు నిక్కబొడుచుకుని మధ్యలో గాలిని పట్టి ఉంచుతుంది. తడిస్తే ఆ గాలి పొర పోతుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి దుప్పటి కంటే పైన కప్పు, గాలికి అడ్డు ముఖ్యం. దుప్పటి వేస్తే రోజూ తీసి ఒళ్లు తడమాలి. తడిసిన దుప్పటి, అసలు లేకపోవడం కంటే హాని.

చలికి మందు ధాన్యం అనుకుంటారు. నిజానికి ఒంట్లో వేడి పుట్టించేది ఎండుగడ్డి. పెద్దపేగులో పీచు పులిసేటప్పుడు వేడి పుడుతుంది. చలిరాత్రికి ఇంకో రెండు కిలోల గడ్డి వేస్తే అది లోపల కుంపటిలా పనిచేస్తుంది.

చలికాలం కడుపునొప్పికి పెద్ద కారణం నీళ్లు. చన్నీళ్లు తాగబుద్ధి కాదు, తింటున్నదేమో ఎండుగడ్డి. పేగులో మేత గట్టిపడి అడ్డం పడుతుంది. గోరువెచ్చని నీళ్లు పెట్టండి. దాణాను తడిపి పెట్టండి, ఉప్పు మానకండి. బకెట్లు లెక్కపెట్టే అలవాటు ఇక్కడ అక్కరకొస్తుంది. రెండు రోజులు వరసగా నీళ్లు తగ్గాయంటే లద్దె గట్టిపడకముందే మీకు తెలిసిపోతుంది.

చలి గాలి వస్తోందని లాయం కిటికీలన్నీ మూసేయకండి. రాత్రంతా మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా నేల దగ్గర నిలుస్తుంది. గుర్రం తల దించి తినేదీ, పడుకునేదీ అక్కడే. తెల్లవారి లోపలికి వెళ్లి గొంతుకూర్చుని, ముఖం పరుపు గడ్డి దగ్గరికి తెచ్చి గాలి పీల్చండి. కళ్లు మండితే గుర్రానికి రాత్రంతా అలాగే ఉందన్నమాట. పై కిటికీలు తెరవండి, తడి గడ్డి రోజూ ఎత్తేయండి.

ముసలి గుర్రాలకు చలికి ముందే పళ్లు చూపించండి. సగం నమిలిన గడ్డి ఉండలు తొట్టి పక్కన పడి ఉంటే, పళ్లు సరిగ్గా అరగక నమలలేకపోతోందని గుర్తు.

చలి పోయి పచ్చిక మొలిచేటప్పుడు

పగలు పెరుగుతుంటే బొచ్చు రాలుతుంది. మాలీసు ఎక్కువ చేయండి, చేస్తూనే చర్మమంతా చూడండి. అన్నీ బొచ్చు రాల్చినా ఒక ముసలి గుర్రం మాత్రం పొడుగాటి ఉంగరాల బొచ్చుతోనే మిగిలితే అది హార్మోన్ల జబ్బు కావచ్చు, రక్తపరీక్ష చేయించాలి.

లేత పచ్చికలో చక్కెరలు ఎక్కువ. లావుగా, మెడ మీద గట్టి కొవ్వు పేరుకున్న గుర్రాలకు ఆ చక్కెర వల్ల డెక్కలోపలి పొర వాచి, ఎముకకూ డెక్కకూ ఉన్న పట్టు సడలుతుంది. దీన్నే లామినైటిస్ అంటారు, చాలా బాధాకరమైన జబ్బు. మొదటి రోజు 15 నిమిషాలు మాత్రమే మేపి, రోజూ కొద్దికొద్దిగా పెంచండి. ఎండ కాసిన రోజు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా గడ్డిలో చక్కెర ఎక్కువ, కాబట్టి పొద్దున్నే మేపండి. రాత్రి గడ్డకట్టే చలి ఉండి తెల్లారి ఎండ కాస్తే ఆ పొద్దున కూడా వద్దు. చలికి ఎదగని గడ్డిలో చక్కెర అలాగే నిలిచి ఉంటుంది.

రోజూ సాయంత్రం డెక్కల మీద అరచేయి పెట్టండి. డెక్క పైనున్న కీలు వెనక రెండు పక్కలా వేళ్లు ఆనించండి. మామూలుగా అక్కడ నాడి తెలిసీ తెలియనట్టు ఉంటుంది. అది టకటకా గట్టిగా కొడుతున్నా, గుర్రం ముందుకాళ్లు చాచి బరువంతా వెనకకాళ్ల మీద వేసి నిలబడ్డా, తిరిగేటప్పుడు నిప్పుల మీద నడిచినట్టు అడుగులేసినా వెంటనే పచ్చిక ఆపి, మెత్తటి మందపు పరుపు మీద నిలబెట్టి డాక్టరును పిలవండి. నడిపించకండి.

ఇంత చేసినా కడుపునొప్పి వస్తే

నేల గీరడం, డొక్క చూసుకోవడం, పడుకుని లేవడం, పొర్లడం, మేత ముట్టకపోవడం, లద్దె ఆగిపోవడం: వీటిలో రెండు కనిపిస్తే ఇంకా చూద్దాంలే అనుకోకండి. ముందు మేతంతా తీసేయండి. నాడి, ఒంటి వేడి, చిగురు రంగు చూసి టైముతో సహా రాయండి. నాడి 60 దాటినా, చిగురు పాలిపోయినా, ఎర్రగా మారినా, నీలంగా మారినా ప్రాణం మీదికి వచ్చినట్టే.

నోట్లో నూనె గానీ మందు గానీ బలవంతంగా పోయకండి. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో ఉన్న నొప్పి మందు కూడా డాక్టరు చెప్పకుండా ఇవ్వకండి. నొప్పి తెలియకుండా పోతే లోపల జరుగుతున్నది ఆయనకూ అందదు. పొర్లకుండా ఉండటానికి మెల్లగా నడిపించవచ్చు, గంటలకొద్దీ నడిపించి అలిసిపోనివ్వకండి. ప్రశాంతంగా పడుకుంటే పడుకోనివ్వండి. బాగా కొట్టుకుంటుంటే దగ్గరికి వెళ్లకండి, మీకు దెబ్బ తగిలితే దాన్ని చూసేవాళ్లు ఉండరు.

ఫోన్‌లో డాక్టరుకు వరసగా చెప్పండి: నొప్పి ఎప్పుడు మొదలైంది, ఆఖరి లద్దె ఎప్పుడు వేసింది, అది ఎలా ఉంది, ఈ పది రోజుల్లో మేతలో, నీళ్లలో ఏం మారింది, నట్టల మందు చివరిసారి ఎప్పుడు వేశారు, ఇప్పుడు నాడి ఎంత, మామూలుగా ఎంత. ఇవన్నీ నోటుబుక్కులో ఉంటే టెన్షన్‌లో కూడా తడబడరు. ఆయన వచ్చేలోపు లాయం ముందు లైటు వేసి, గేటు తీసి ఉంచండి. రెండు బకెట్ల గోరువెచ్చని నీళ్లు, పలుపు, ఆఖరిసారి వేసిన లద్దె చూపించడానికి పక్కన పెట్టండి. గుర్రాన్ని పట్టుకోవడానికి అది బాగా ఎరిగిన మనిషిని ఒకరిని పిలిచి పెట్టుకోండి.